మెదడు గడప దాటని మలేరియా

చలిజ్వరం ముదిరి, మనిషి సంధి మాటలు మాట్లాడి, ఫిట్స్ వచ్చి స్పృహ తప్పితే డాక్టర్లు సెరిబ్రల్ మలేరియా అంటారు. విచిత్రమేమిటంటే, దానికి కారణమైన ఫాల్సిపారం పరాన్నజీవి మెదడు కణజాలంలో అడుగే పెట్టదు. చివరిదాకా రక్తనాళంలోనే, ఎర్రకణం లోపలే ఉంటుంది. లోపలికి రానిది అంత నాశనం ఎలా చేస్తుందన్న ప్రశ్న నూట పాతికేళ్లకు పైగా వైద్యుల్ని తిప్పలు పెట్టింది.

మొదట కంటపడింది రంగు. 1717లో ఇటలీ వైద్యుడు లాన్చీసీ చిత్తడినేలల జ్వరాలతో పోయినవాళ్ల ప్లీహం, మెదడు నల్లబారి ఉండడం గురించి రాశాడు. ఆ నల్లటి రేణువుల్ని మోస్తున్న జీవిని 1880లో అల్జీరియాలో ఫ్రెంచ్ వైద్యుడు లావెరాన్ చూశాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దాన్ని దోమ కడుపులో పట్టుకున్న సంగతి మనం బడిలోనే చదువుకున్నాం. అయితే అది జబ్బు వచ్చే దారి గురించిన కథ. మెదడులో ఏం జరుగుతుందన్న కథ రోమ్‌లో నడిచింది. 1890ల్లో మార్కియాఫావా, బిన్యామీ అనే వైద్యులు శవపరీక్షల్లో చూస్తే మెదడులోని కేశనాళికలు పరాన్నజీవులున్న ఎర్రకణాలతో కిక్కిరిసి ఉన్నాయి. రక్తం పారే దారి పూడుకుపోవడమే మూలమని వాళ్ల నిర్ణయం. అంత పాత మాటను ఇప్పటికీ ఎవరూ కొట్టిపారేయలేదు.

ఆ కణాలు అక్కడే ఎందుకు ఆగిపోతాయో తెలియడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావలసివచ్చింది. పరాన్నజీవి పెరిగేకొద్దీ ఎర్రకణం పైన బొడిపెలు లేస్తాయి, వాటి మీద అంటుకునే ప్రొటీన్ ఉంటుంది. పల్లేరు కాయ పంచెకు పట్టుకున్నట్టు ఆ కణం నాళం లోపలి గోడకు పట్టుకుంటుంది. అలా దాక్కోకపోతే ప్లీహం దాన్ని వడకట్టి పారేస్తుంది. వేలికొన నుంచి తీసిన చుక్కలో పరాన్నజీవులు తక్కువ కనిపించినా రోగి ప్రమాదంలో ఉండడానికి ఇదొక కారణం.

కానీ ఒక చిక్కు మిగిలింది. నాళాలు నిజంగా పూడుకుపోతే పక్షవాతంలో లాగా మెదడు శాశ్వతంగా దెబ్బతినాలి. అయితే రెండు మూడు రోజులు కోమాలో ఉన్నవాళ్లు చాలామంది లేచి మామూలుగా మాట్లాడతారు. అందుకని వాపే అసలు దోషి అనుకున్నారు, వాపు తగ్గించే డెక్సామెథసోన్ ఇవ్వడం మామూలైంది. థాయ్‌లాండ్‌లో వైద్యుడు వారెల్ బృందం వంద మంది రోగుల మీద దీన్ని సరిగ్గా పరీక్షించి 1982లో ఫలితం ప్రకటించింది. మరణాలు తగ్గలేదు సరికదా, బతికినవాళ్లలో కోమా సుమారు 47 గంటల నుంచి 63 గంటలకు సాగింది. వినడానికి ఎంతో సబబుగా ఉన్న వైద్యం మేలు చేయకపోగా కీడు చేసింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

తర్వాతి అధ్యాయం ఆఫ్రికాలో, మలావీలోని బ్లాంటైర్ ఆసుపత్రిలో సాగింది. పసిపిల్లల కోమాను కొలిచే బ్లాంటైర్ స్కోరు 1989లో అక్కడి నుంచే వచ్చింది. వైద్యురాలు టెర్రీ టేలర్ బృందం ఏళ్ల తరబడి, తల్లిదండ్రుల అనుమతితో, శవపరీక్షలు చేసింది. 2004లో ప్రకటించిన ఫలితం ఇది: సెరిబ్రల్ మలేరియాతో పోయారనుకున్న 31 మంది పిల్లల్లో ఏడుగురి చావుకు కారణం వేరే. అంటే అంతకుముందు పరిశోధనల్లో రోగులుగా లెక్కించిన కొందరికి అసలు ఆ జబ్బే లేదేమో! తేడా చెప్పగలిగింది కన్ను. రెటీనాలో తెల్లటి మచ్చలు, రంగు మారిన నాళాలు కనిపిస్తే మెదడులోనూ అదే జరుగుతోందని అర్థం.

2013లో మరో ముడి కొంత విడింది. నాళాల గోడ మీద రక్తం గడ్డకట్టకుండా, గోడ కారకుండా కాపాడే ఒక గ్రాహకం ఉంటుంది. పరాన్నజీవి ప్రొటీన్ సరిగ్గా దానికే అతుక్కుంటుంది. మెదడు నాళాల్లో ఆ గ్రాహకం అసలే తక్కువ. నాళాలు పూడుకుపోవడమా, కారి వాపు రావడమా అన్న పాత వాదనలో రెండు వైపులూ ఇక్కడ ఒకచోట కలిశాయి. 2015లో బ్లాంటైర్ ఎంఆర్ఐ చిత్రాలు మిగతాది చూపించాయి: చనిపోయిన 25 మంది పిల్లల్లో 21 మందికి మెదడు తీవ్రంగా ఉబ్బింది. ఉబ్బిన మెదడు కింద ఊపిరిని నడిపే మెదడు కాండం నలిగి శ్వాస ఆగుతుంది. ఒడిశాలోని రూర్కెలాలో పెద్దవాళ్ల మెదళ్లను స్కాన్ చేస్తే వేర్వేరు భాగాల్లో వేర్వేరు రకాల వాపు కనిపించింది. పిల్లల విషయంలో తెలిసిందంతా పెద్దలకు వర్తించదు.

వాపు అంత ముఖ్యమైతే 1982 నాటి మందు ఎందుకు పనిచేయలేదో ఇప్పటికీ ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఈలోగా పరాన్నజీవిని చంపే మందుగా క్వినైన్ స్థానంలో ఆర్టెసునేట్ వచ్చింది. 2010లో ముగిసిన ఆఫ్రికా పరీక్షలో, తీవ్ర మలేరియా ఉన్న పిల్లల మరణాలు 10.9 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గాయి. నాడీ లోపాలతో మిగిలినవారి నిష్పత్తిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉగాండాలో సెరిబ్రల్ మలేరియా నుంచి కోలుకున్న పిల్లల్ని రెండేళ్ల తర్వాత పరీక్షిస్తే నలుగురిలో ఒకరికి జ్ఞాపకం, ఏకాగ్రత, నేర్చుకునే శక్తిలో ఏదో ఒక లోటు బయటపడింది. ఆసుపత్రి రికార్డుల్లో వాళ్లందరూ జబ్బు నయమై ఇంటికి వెళ్లినవారే.