పనిముట్టు వెల – పత్రములోని షరతు

పొలమును క్రయమునకు కొనుటకును, కౌలునకు పుచ్చుకొనుటకును గల భేదము మీకు నేను చెప్పనక్కఱలేదు. కంప్యూటరు చరిత్రలోను అట్టి చిక్కే వచ్చినది.

వ్యాపారపు లెక్కలు చేయు ఆ యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయుటకు కొన్ని సాఫ్టువేరు పనిముట్లు కావలెను. అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ తొలుత వానిని వేఱు వెల లేక యంత్రముతోడనే ఇచ్చుచుండెను. 1969 జూనులో కొన్నింటికి వేఱు వెల ప్రకటించెను. నాటినుండి ఎంపిక కొనువానిది, షరతు అమ్మువానిది అయ్యెను. కొనువానికి దక్కునది సొత్తు కాదు, వాడుకొను అనుమతి మాత్రమే.

1983లో బోర్లండు సంస్థ టర్బో పాస్కలు అను పనిముట్టును 49.95 డాలర్లకు అమ్మజూపెను. దానికి పిమ్మట ఇచ్చిన అనుమతిపత్రము న్యాయమైనదని నా తలంపు: పుస్తకమువలె ఎందఱైనను వాడవచ్చును, ఒకేవేళ రెండుచోట్ల వాడరాదు.

కావున వెలకు ముందు పత్రమును చదువవలెను. ఎందఱు వాడవచ్చును? దానితో చేసినది అమ్మవచ్చునా? అమ్మినవాడు కొట్టు కట్టివేసిన మన గతి యేమి?