కర్మాగారపు ఇండ్లు – తుఫాను గాలి

1989 నవంబరు 8వ తేదీ రాత్రి ఒక పెనుతుఫాను కావలి వద్ద నెల్లూరు తీరమును తాకినది. వేలకొలది ఇండ్లు కూలినవి. ఇట్టి తీరమునకు కర్మాగారములో తయారైన ఇండ్లు తగునా?

మనదేశములో ఈ యత్నము పాతదే. దేశవిభజన కాందిశీకుల కొరకు 1948లో ఢిల్లీలో ఇండ్ల కర్మాగారము వెలసినది.

ఇట్టి ఇండ్లలో రెండు తెగలు ముఖ్యమైనవి. మాడ్యులర్ ఇంటి గదులను కర్మాగారములో వేర్వేరుగా చేసి, లారీలపై తెచ్చి, శాశ్వతమైన పునాదిపై కలిపి బిగింతురు. అది స్థానిక కట్టడపు నిబంధనలకు లోబడును. మాన్యుఫాక్చర్డ్ ఇల్లు ఉక్కుచట్రముపై తయారై, చక్రములపై కదలివచ్చును; ఆ చట్రము ఇంటి క్రిందనే ఉండిపోవును. అమెరికాలో 1976 జూన్ 15 నుండి దీనికి దేశమంతటను ఒకే ప్రమాణము కలదు.

1992లో ఆండ్రూ తుఫాను ఫ్లోరిడాలో ఈ రెండవ తెగ ఇండ్లను వేలకొలదిగా ధ్వంసము చేసినది. అందుచే 1994లో గాలికి సంబంధించిన నియమములను కఠినము చేసిరి.

గాలి గోడను నెట్టుటయే గాక కప్పును పైకి లాగును. కావున కప్పు గోడకు, గోడ పునాదికి గట్టిగా బిగిసియుండవలెను. నెల్లూరు తీరమున ఉప్పెన ఇసుకను కోసివేయును గనుక పునాది లోతుగా దిగవలెను. ఇల్లు ఎచ్చట తయారైనను ఈ రెండు పనులు తప్పవు.