మానసిక ఔషధాలు తగ్గించుకునేవారికి తోటివారి తోడు

నెలలు, ఏళ్ల తరబడి వాడిన మానసిక ఔషధాన్ని డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటున్నవారికి, అంతకుముందే ఆ అనుభవం గుండా వెళ్లినవారు ఇచ్చే ఆసరా ఇది. ఇంగ్లిషు వైద్య పరిభాషలో దీన్ని పీర్ సపోర్ట్ అంటారు. ఇది చికిత్సా కాదు, కౌన్సెలింగూ కాదు. తోడుగా నిలిచే వ్యక్తికి ఉండే అర్హత అనుభవం ఒక్కటే. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే బెంజోడయాజెపిన్లు, డిప్రెషన్ మందులు, సైకోసిస్ మందులు వాడేవారందరికీ ఈ తోడు అక్కరకు వస్తుంది.

అవసరం ఎక్కడ పుట్టింది

దీర్ఘకాలం వాడిన మందుకు మెదడు సర్దుకుపోతుంది. మోతాదు తగ్గించగానే ఆ సర్దుబాటు చెదిరి విత్‌డ్రాయల్ లక్షణాలు మొదలవుతాయి. నిద్ర పట్టదు, గుండె దడ, చెమటలు, కడుపులో తిప్పు. వెలుతురునూ చప్పుళ్లనూ భరించలేరు. ఏ కారణమూ లేకుండా ఏడుపు ముంచుకొస్తుంది. కొందరికి తల తిప్పినప్పుడల్లా లోపల కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమంటుంది.

ఇవి ఎందరికి వస్తాయన్నది ఇంకా వాదంలోనే ఉంది. 2019లో జేమ్స్ డేవిస్, జాన్ రీడ్ చేసిన సమీక్ష డిప్రెషన్ మందులు మానినవారిలో సగానికి పైగా విత్‌డ్రాయల్‌కు లోనవుతారని చెప్పింది. 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన మరో సమీక్ష దాన్ని 31 శాతంగా లెక్కగట్టింది. అదే సమీక్షలో ఉత్తుత్తి మాత్ర మానినవారిలోనూ 17 శాతం మంది లక్షణాలు చెప్పారు. తీవ్రమైన బాధ దాదాపు 3 శాతానికి పరిమితమైంది. శాతం చిన్నదే కానీ, మందులు వాడేవారు కోట్లలో ఉన్నప్పుడు ఆ 3 శాతం కూడా ఎన్నో కుటుంబాలు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఈ లక్షణాల్లో చాలావరకు పాత జబ్బునే పోలి ఉంటాయి. జబ్బు తిరగబెట్టిందా, మందు తగ్గించినందుకు వచ్చిన బాధా? తగ్గించిన కొద్ది రోజుల్లోనే మొదలై, మునుపెన్నడూ లేని శారీరక బాధలు కూడా కలిస్తే విత్‌డ్రాయల్ అనుకోవడానికి ఆస్కారం ఎక్కువ. తిరగబెట్టే జబ్బు సాధారణంగా మెల్లగా వస్తుంది. అయినా గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. ఆ సందిగ్ధంలో మనిషిని తినేసే భయం మాత్రం ఒకటే: "నేనిక ఎప్పటికీ బాగుపడనా?" ఆ ప్రశ్నకు జవాబుగా తోటివారి మాటకున్నంత బలం మరే మాటకూ ఉండదు.

చివరి మిల్లీగ్రాముల కష్టం

మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ 2019లో ప్రచురించిన వ్యాసం రోగులు ఏళ్లుగా చెబుతున్న ఒక సంగతికి శాస్త్రీయ వివరణ ఇచ్చింది. సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందును 60 మిల్లీగ్రాముల నుంచి 20కి తగ్గిస్తే, మెదడులో అది పట్టి ఉంచే సెరటోనిన్ వాహకాలు (ట్రాన్స్‌పోర్టర్లు) సుమారు 88 శాతం నుంచి 80కి మాత్రమే తగ్గుతాయి. 5 మిల్లీగ్రాముల దగ్గర కూడా ఇంకా 60 శాతం దాకా పట్టు ఉంటుంది. అంటే పెద్ద మోతాదులో పెద్ద కోత పడినా శరీరం ఓర్చుకోవచ్చు, చివరి చిన్న ముక్కను ఒక్కసారిగా ఆపితే మాత్రం అగాధంలో పడ్డట్టవుతుంది. ఇంట్లోవాళ్లు సరిగ్గా ఇక్కడే "ఆ కాస్త ముక్కేగా, అది కూడా మానెయ్యమ్మా" అంటారు. ప్రేమతో అన్న మాటే, కానీ ప్రమాదకరం. ఈ చివరి మెట్లకు సరిపడా సన్నని మోతాదులు మామూలు దుకాణంలో దొరకవు. అందుకే నెదర్లాండ్స్‌లో, స్వయంగా ఈ అనుభవమున్న పీటర్ గ్రూట్ పూనికతో, రోజురోజుకూ మోతాదు తగ్గుతూ పోయే 28 రోజుల మాత్రల పట్టీలు తయారయ్యాయి.

హీదర్ ఆష్టన్, టైన్ నది ఒడ్డు క్లినిక్

1960లో లిబ్రియం, 1963లో వేలియం వచ్చాక బెంజోడయాజెపిన్లు ప్రపంచమంతా పాకాయి. వాటిని మానలేకపోతున్నామన్న గృహిణుల, ఉద్యోగుల మొర చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 1980ల బ్రిటన్‌లో బాధితులు తామే చిన్న చిన్న బృందాలుగా కూడి ఫోన్లలో ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు.

టైన్ నది ఒడ్డునున్న న్యూకాసిల్‌లో డాక్టర్ హీదర్ ఆష్టన్ 1982 నుంచి 1994 దాకా ఈ మందులు మాన్పించే క్లినిక్ నడిపారు. ఆమె పుట్టింది మన డెహ్రాడూన్‌లో. తండ్రి హ్యారీ ఛాంపియన్ భారతదేశపు అడవులను వర్గీకరించిన అటవీ శాస్త్రవేత్త. త్వరగా ఒంట్లోంచి వెళ్లిపోయే అల్‌ప్రజోలం వంటి మందుకు బదులు నెమ్మదిగా వెళ్లే డయాజెపామ్‌కు మార్చి, ఆపై మెట్టుమెట్టుగా తగ్గించడం ఆమె పద్ధతి. వేగాన్ని నిర్ణయించేది రోగే కావాలని, తరచూ ప్రోత్సాహం అందాలని ఆమె పట్టుబట్టారు. 1999లో వెలువడిన ఆష్టన్ మాన్యువల్ నేటికీ తోటివారి బృందాల చేతుల్లో తిరుగుతోంది. అమెరికాలో విల్ హాల్ 2007లో రాసిన మార్గదర్శిక కూడా ఇలాంటిదే. దాన్ని రాసిన మనిషి మానసిక ఆసుపత్రిలో రోగిగా గడిపి వచ్చినవాడు.

తోడు ఏం చేస్తుంది

ముఖ్యమైన సాధనం ఒక నోటుపుస్తకం. తేదీ, మోతాదు, నిద్రపోయిన గంటలు, ఆ రోజు బాధ. మూడు నెలల పేజీలు ఇద్దరూ కలిసి తిరగేస్తే అంతకుముందు కనబడనిది కనబడుతుంది: "చూడక్కా, పోయిన నెల కూడా తగ్గించిన నాలుగో రోజునే ఇలా అయింది. పదో రోజుకు సర్దుకుంది." అర్ధరాత్రి గాబరాలో ఉన్న మనిషికి ఇది సొంత చేతిరాతలో ఉన్న సాక్ష్యం. మిగతాదంతా చాలా మామూలు పని. ఫోన్ ఎత్తడం, పక్కన నడవడం, ఇంట్లోవారికి అర్థమయ్యేలా చెప్పడం, డాక్టరుకు ఏం చెప్పాలో రాసిపెట్టడం. తగ్గింపు ఆపేసి పాత మోతాదుకు వెళ్లాల్సి వస్తే అది ఓటమి కాదని చెప్పడం కూడా అందులో భాగమే.

తోడు చేయకూడనివీ ఉన్నాయి. ఎంత తగ్గించాలో చెప్పకూడదు, తనకు పనిచేసిన వేగాన్ని ఇంకొకరిపై రుద్దకూడదు. బెంజోడయాజెపిన్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. లిథియం, క్లోజపిన్ వంటి మందులు హఠాత్తుగా మానడమూ ప్రమాదమే. చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినా, భ్రాంతులు మొదలైనా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. మందు అందరూ మానాలని కూడా లేదు. 2023లో వెలువడిన రాడార్ అధ్యయనంలో సైకోసిస్ మందును క్రమంగా తగ్గించినవారిలో 25 శాతం మందికి రెండేళ్లలో జబ్బు తీవ్రంగా తిరగబెట్టింది. కొనసాగించినవారిలో అది 13 శాతం. జీవితాంతం మందుతోనే నిలకడగా బతికేవారికి ఈ బృందాల్లో అదే గౌరవం దక్కాలి. తోటివారి తోడుపై పరిశోధనలు ఇంకా పలచగానే ఉన్నాయి. 2024 బ్రిటిష్ అధ్యయనం ఒకదానిలో తోటివారి నుంచి కాదు గానీ నిపుణుల నుంచి ఫోన్ పలకరింపు దొరికినవారికి విత్‌డ్రాయల్ బాధ తక్కువగా ఉంది, కానీ మందు మానగలిగినవారి సంఖ్య చెప్పుకోదగ్గంత పెరగలేదు.

తెలుగునాట

అల్‌ప్రజోలం విత్‌డ్రాయల్ తెలంగాణకు కొత్త కాదు. కల్లులో ఈ మందును కలిపి అమ్మే దందాపై 2015లో దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్ సహా పలు జిల్లాల్లో జనం వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లకు తెలియకుండా అలవాటైన మందు, వాళ్లకు చెప్పకుండా ఆగిపోయింది. దేశంలో అల్‌ప్రజోలం 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు.

కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవతో 14416 నంబరులో రాత్రీపగలూ తెలుగులో మాట్లాడవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో వీలు ఇచ్చింది. తన ఆరోగ్యం దిగజారితే ఏ చికిత్స చేయాలో, ఏది చేయకూడదో మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడేవారిని పేరుపెట్టి నియమించుకోవచ్చు. మోతాదు తగ్గించడం మొదలుపెట్టక ముందే, మనసు నిలకడగా ఉన్నప్పుడే, తోడుగా ఉన్నవారితో కూర్చుని రాసుకోవాల్సిన కాగితం అది.