మూలమంచం మీది పిల్ల

ఆసిఫాబాద్ దాటి చంద్రాపూర్ తోవ పట్టండి. రెండు పక్కలా పత్తి చేలు, అక్కడక్కడ టేకు చెట్లు. మహారాష్ట్ర సరిహద్దు రాకముందే వాంకిడి వస్తుంది. ఈ చుట్టుపక్కల ఏ గిరిజన ఆశ్రమ పాఠశాల గేటు దగ్గర దిగినా తెల్లవారుజాము ఒక్క తీరుగనే ఉంటుంది. గంట కొడతారు. చలికి మెడదాకా దుప్పటి లాక్కున్న పిల్లలు ఒక్కొక్కరే లేస్తారు. మంచాల కింద ట్రంకు పెట్టెలు, కిటికీ ఊచలకు ఆరని బట్టలు. బయట నల్లా దగ్గర బకెట్ల చప్పుడు, వంటింట్లోంచి పొగ.

లేచినవాళ్లను వదిలేసి, లేవని పిల్ల కోసం చూడండి.

మూలమంచం మీద ఒక పిల్ల ముడుచుకొని పడుకుంది. "ఏమైంది బిడ్డా?" వార్డెన్ మేడం వంగి అడుగుతుంది. జవాబు లేదు. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది గోండి. బడికొచ్చి నేర్చుకున్న తెలుగులో ఎక్కాలు అప్పజెప్తుంది గానీ, ఎక్కడ ఎట్లా నొస్తుందో చెప్పాలంటే మాట దొరకదు. పక్కమంచం పిల్లే అందుకుంటుంది: "రాత్రి నుంచి దానికి కడుపుల నొస్తంది మేడం."

మేడం నుదుటి మీద చెయ్యి వేస్తుంది. కింది రెప్ప లాగి చూస్తుంది. రిజిస్టర్ తెరిచి పేరు, టైము, నొప్పి రాస్తుంది. ఏఎన్‌ఎంకు ఫోను, తర్వాత అమ్మానాయనలకు. వాళ్ల గూడెంలో సిగ్నల్ అందకపోతే, ఆ తోవన పోయే ఎవరితోనైనా కబురు. మొత్తం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరూ పెట్టకపోతే ఎంత పోతుందో ఈ ప్రాంతానికి తెలుసు.

2024 అక్టోబరు 30. మర్నాడు దీపావళి. గోండు గూడేల్లో దండారి సంబరం, నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు. ఆ రోజుల్లోనే వాంకిడి గిరిజన ఆశ్రమ బాలికల పాఠశాలలో తిండి వికటించి సుమారు 60 మంది పిల్లలు మంచం పట్టారు. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిని చివరికి హైదరాబాదు నిమ్స్‌కు తీసుకుపోయారు. వెంటిలేటర్ మీద ఉంచారు. నవంబరు 25న చనిపోయింది. ఆ బిడ్డ పేరు నేనిక్కడ రాయను.

ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం హాస్టళ్ల డైట్ ఛార్జీలు 40 శాతం పెంచింది. 8 నుంచి 10 తరగతుల వారికి నెలకు 1,100 రూపాయలున్నది 1,540 అయింది. అంటే రోజుకు 51 రూపాయలు. పొద్దటి టిఫిన్, రెండు పూటల అన్నం, గుడ్డు, పాలు, అన్నీ అందులోనే. పెంచడం మంచిదే, నా లెక్కలో ఇంకా చాలదు.

వంటింటి గడప దగ్గరికి రండి. గంజు మూత తీయగానే ఆవిరి మొహానికి కొడుతుంది. పిల్లలకు వడ్డించకముందే టీచరు ఒకరు తిని చూడాలన్నది నియమం. మేడం పప్పు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకొని, నమిలి, కాసేపు ఆగుతుంది. ప్లేట్లు పట్టుకున్న లైను కూడా ఆగుతుంది. తినకుండా రిజిస్టర్‌లో సంతకం గీకేస్తే ఎవరికీ తెలియదు. అందుకే ఆ ముద్ద మీద నాకంత పట్టుదల.

కడుపునొప్పి ప్రతిసారీ తిండి వల్లే రాదు. ఎవరో చెయ్యి వేశారని చెప్పలేక కూడా పిల్ల "కడుపుల నొస్తంది" అంటుంది. అది బయటపడ్డ రోజు బడి పరువు గురించి మీటింగు పెట్టడానికి లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు. వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో రాకూడదు, పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు.

మూలమంచం పిల్లను మేడం ఆటో ఎక్కిస్తోంది, దవాఖానకు. పక్కమంచం పిల్ల గేటు దాకా చెప్పులు మోసుకొచ్చింది.

మీ బిడ్డ హాస్టల్లో ఉంటే ఈసారి చూడబోయినప్పుడు ఏం తిన్నావని అడగండి. ఒంట్లో బాగలేనప్పుడు ఎవరికి చెప్పుకున్నావు, వాళ్లేం చేశారు అని కూడా అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే 1098కి ఫోను చేయండి. పైసా ఖర్చు లేదు, రాత్రయినా ఎత్తుతారు.