సూక్ష్మజీవిలో తర్కవలయం

మూత్ర పరీక్ష నివేదికలో 'ఇ. కోలై' అన్న మాట చూసి కలవరపడని రోగి అరుదు. 1885లో థియోడర్ ఎషెరిష్ అనే శిశువైద్యుడు పసిపిల్లల మలంలో గుర్తించిన ఈ బాక్టీరియా నిజానికి మన పేగులలో చాలా వరకు సాధుజీవిగానే కాపురముంటుంది. ప్రయోగశాలలలో పెంచే కె-12 అనే రకాన్ని 1922లో, డిఫ్తీరియా నుండి కోలుకుంటున్న ఒక రోగి మలం నుండి వేరుచేశారు. జీవకణం చేత కంప్యూటరు తర్కాన్ని నడిపించే ప్రయత్నాలలో ప్రధాన పాత్ర దీనిదే.

ఈ కథకు మూలం జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్ నగరం. అక్కడ జాక్ మోనో రెండు రకాల చక్కెరలు కలిపిన ద్రవంలో బాక్టీరియాను పెంచి, ఒక వింత గమనించాడు. అవి ముందు గ్లూకోజును పూర్తిగా తిని, కాసేపు ఎదుగుదల ఆపి, ఆ తరువాతే రెండవ చక్కెర జోలికి పోయేవి. ఆ విరామంలో ఏమి జరుగుతున్నది? దానికి సమాధానం దొరకడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1961లో ఫ్రాన్స్వా జాకబ్‌తో కలిసి ఆయన వివరించినది ఇదీ: లాక్టోజును జీర్ణించే జన్యువులకు తాళం వేసినట్లు ఒక ప్రోటీను కూర్చుంటుంది, లాక్టోజు వచ్చినపుడు ఆ తాళం ఊడుతుంది. గ్లూకోజు పాత్ర ఆ తరువాత తేటపడింది. లాక్టోజు ఉండాలి, గ్లూకోజు తరిగి ఉండాలి. ఈ రెండూ కుదిరితేనే జన్యువు పూర్తిగా పనిచేస్తుంది. ఇంజనీర్లు 'లాజిక్ గేట్' అనేది ఇదే కదా! మెదడు లేని జీవి ఈ లెక్కను మనకంటే ఎంతో ముందే నేర్చింది. 1965లో ఆండ్రే ల్వాఫ్‌తో పాటు వారిరువురికీ నోబెల్ బహుమతి లభించింది.

చదవడం తెలిసిన తరువాత రాయాలన్న కోరిక సహజం. 2000 జనవరిలో 'నేచర్' పత్రికలో రెండు వ్యాసాలు పక్కపక్కనే వెలువడ్డాయి. ఒకదానిలో, పరస్పరం అణచివేసుకునే రెండు జన్యువులతో గార్డ్‌నర్, కాంటర్, కాలిన్స్ ఒక స్విచ్ నిర్మించారు. ఒకసారి ఒకవైపు తిప్పితే, సంకేతం తొలగించినా అది అలాగే ఉండేది. అంటే జ్ఞాపకశక్తి! రెండవదానిలో ఎలోవిట్జ్, లైబ్లర్ మూడు జన్యువులను గొలుసుగా కలిపి, బాక్టీరియాను మిణుగురులా ఆకుపచ్చగా వెలిగించి ఆర్పారు.

2016లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు మరొక అడుగు వేశారు. చిప్పుల రూపకల్పనకు వాడే వెరిలాగ్ భాషలో ఆదేశం రాస్తే, తగిన డి.ఎన్.ఎ. వరుసను సాఫ్ట్‌వేరే సూచిస్తుంది. అలా రూపొందించిన 60 వలయాలలో 45 అన్ని స్థితులలోనూ సరిగా పనిచేశాయి.

వేగంలో ఇవి మన చేతి ఫోనుకు కూడా సాటిరావు. ఒక్కొక్క ఫలితానికి గంటలు పట్టవచ్చు. వీటి ప్రయోజనం వేరు: పరికరం చొరలేని చోట ఇవి బ్రతకగలవు. 2014లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల పేగులలోకి ఇటువంటి బాక్టీరియాను పంపారు. ఎలుకకు ఇచ్చిన ఒక రసాయనాన్ని అవి పసిగట్టి, ఆ జ్ఞాపకాన్ని మలంతో పాటు బయటికి మోసుకువచ్చాయి. పేగుల వాపును ఇలా లోపలి నుండే కనిపెట్టవచ్చునన్న ఆశ వైద్యులకు కలగడంలో ఆశ్చర్యం లేదు.

అయితే అదనపు జన్యువులు కణానికి బరువు. మార్పు చెంది ఆ బరువు వదిలించుకున్న కణం వేగంగా పెరిగి, పనిచేసే వాటిని వెనక్కి నెడుతుంది. పైగా ప్రయోగశాలలో ఈ వలయాలను నిలిపి ఉంచడానికి తరచుగా యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువును జతచేస్తారు. ఆ జన్యువుతో ఉన్న జీవిని రోగి పేగులలోకి పంపడానికి ఏ వైద్యుడూ ఒప్పుకోరాదు.