గణాంక సాఫ్ట్‌వేర్ క్రాష్ – పునరుద్ధరణ

గణాంక విశ్లేషణ మధ్యలో ప్రోగ్రాం అర్ధంతరంగా మూతపడితే, పోయిన పనిని తిరిగి రాబట్టుకునే విధానం. ఆదోని మార్కెట్ యార్డు పత్తి, వేరుశనగ ధరలను ఏళ్ల తరబడి వరుసగా పేర్చి చూసే విద్యార్థికీ, పెద్ద సర్వే సంస్థకూ ఈ చిక్కు ఒకటే.

రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన గణాంక సాఫ్ట్‌వేర్ ‘ఆర్’ (1.0.0 రూపం 2000 ఫిబ్రవరి 29న వచ్చింది) సాధారణంగా డేటాను ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. ర్యామ్ చాలకపోవడం క్రాష్‌లకు ఒక ముఖ్య కారణం. వర్క్‌స్పేస్‌ను (అప్పటివరకు సిద్ధమైన డేటా, ఫలితాలను) భద్రపరచాలా అని ఆర్ అడిగేది మనం మామూలుగా బయటికి వచ్చేటప్పుడే. క్రాష్‌లో ఆ అవకాశం రాదు. అందుకే మధ్యమధ్య ఫలితాలను డిస్కులో దాచాలి. వర్క్‌స్పేస్‌ను దాచే ఆదేశం ముందు తాత్కాలిక ఫైలు రాసి, అది సఫలమయ్యాకే పేరు మారుస్తుంది. రాస్తుండగా కరెంటు పోయినా పాత ఫైలు చెడకూడదన్నది ఉద్దేశం.

భద్రపరచని స్క్రిప్టును, ఆర్‌తో పనిచేయడానికి వాడే ఆర్‌స్టూడియో చాలావరకు తిరిగి చూపిస్తుంది. పాత వర్క్‌స్పేస్ తెరుచుకోగానే మళ్లీ క్రాష్ అవుతుంటే ఆ ఫైలు పేరు మార్చి, ఖాళీగా మొదలుపెట్టాలి.

ఇతర గణాంక సాఫ్ట్‌వేర్‌లలో ఎస్‌పీఎస్‌ఎస్ తాను నడిపిన ఆదేశాలను జర్నల్ ఫైలులో రాసుకుంటుంది. చేత్తో దిద్దిన గళ్లు మాత్రం అందులో ఉండవు. స్టేటాలో ఆ పని లాగ్ ఫైలుది, అయితే దాన్ని ముందే తెరిచి ఉంచాలి. యాదృచ్ఛిక సంఖ్యలతో సాగే లెక్కలకు సీడ్‌ను (ఆ సంఖ్యల వరుస మొదలయ్యే విలువను) కూడా రాసిపెట్టుకోకపోతే మునుపటి అంకెలు మళ్లీ రావు.