ముత్తాత మరణవార్త

కాజీపేట రైల్వేలో పనిచేసిన మా ముత్తాత మరణవార్త ఒక పాత ఉర్దూ పత్రిక ముక్కలో ఉన్నది. దానిపై తేదీ: బహ్మన్ 1339. మావాళ్లు దానిని హిజ్రీగా లెక్కించి, ఆయన 1920-21లో మరణించారన్నారు. ఆయన చిన్న కుమార్తె పుట్టినది 1925లో. 1990లలో ఆమె పిల్లలు తల్లి వాటా అడిగినప్పుడు ఈ కాగితమే ఎదురుసాక్ష్యమయింది. తండ్రి ఒడి తనకు గుర్తున్నదని ఆమె అన్నా ఎవరూ నమ్మలేదు.

కాని బహ్మన్ హిజ్రీ మాసం కాదు. నిజాం రాజ్యపు ఫస్లీ సంవత్సరానికి పారసీక మాసాల పేర్లు ఉండేవి. అది సౌరమానం, అక్టోబరులో మొదలయ్యేది. 1339 ఫస్లీ అనగా 1929-30. ఆ వార్తలోనే ఆయన బల్హార్షా బండి గార్డని ఉన్నది. కాజీపేట-బల్హార్షా మార్గం పూర్తయినది 1929లో.

ఉల్లేఖకుల జనన మరణ కాలాలను పరీక్షించిన హదీసువేత్తల వారసులం మనం. వార్తను విచారించండి, లేకుంటే తెలియక హాని చేసి పశ్చాత్తాపపడతారని అల్-హుజురాత్ సూరా (49:6) హెచ్చరిస్తున్నది. నేను ఆ మాసం పేరు చదివేనాటికి ఆమె లేదు. ఆమె వాటా ఇంకా మా మీద బాకీయే.